బరువు లెక్క

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా స్కూటీ నడిపే ఆడపిల్లని ఇప్పుడెవరూ వింతగా చూడరు. మా అక్క కూతురు కార్టింగ్ పోటీలకెళ్తానంటే మాత్రం ఇల్లంతా ఉలిక్కిపడింది. అప్పుడు నేను ఈ ఆట చరిత్ర వెతికాను.

1956లో అమెరికాలో ఆర్ట్ ఇంగెల్స్ మొదటి కార్టు తయారుచేశాడు. పదేళ్లకే, 1966లో, ఇటలీకి చెందిన సుసన్నా రాగనెల్లి మగవాళ్లతో పోటీపడి ప్రపంచ ఛాంపియన్ అయింది. మన పక్కన చెన్నైలో అలీషా అబ్దుల్లా కూడా చిన్నతనంలో కార్టులతోనే మొదలుపెట్టింది.

ఈ పోటీల్లో బండినీ మనిషినీ కలిపి తూస్తారు. బరువు తగ్గితే సీసం దిమ్మలు బిగిస్తారు. శరీరాల తేడాని ఇంత తేలిగ్గా సరిచేసిన ఆటలు తక్కువే. సరికానివల్లా ఖర్చు, ఊరికి ఆ చివర కొంపల్లిలో ఉన్న ట్రాక్, "పెళ్లి కావలసిన పిల్ల, మొహానికి దెబ్బ తగిలితే?" అన్న మాట.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. 22 మంది డ్రైవర్లలో ఒక్క స్త్రీ లేదు. ఆ లెక్క ఆ రోజు తేలింది కాదు. ఎనిమిదేళ్ల వయసులో ఏ బిడ్డని కార్టులో కూర్చోబెట్టారో, ఏ బిడ్డని గట్టు మీద నిలబెట్టారో, అక్కడే తేలిపోయింది.

మా పిల్లకి ఇప్పుడు ఇరవై రెండు. మొదటి నెల జీతంతో అద్దె కార్టు ఎక్కింది.