వార్డులోకి కుక్కను రానిచ్చినవాళ్లు

1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, న్యూగినీ అడవిలో సైనికులు తవ్విన ఒక గుంతలో చిన్న యార్క్‌షైర్ టెర్రియర్ కుక్క దొరికింది. ఎత్తు ఏడంగుళాలు, బరువు రెండు కిలోలైనా లేదు. ఎవరిదో, అక్కడికెలా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. అమెరికా వైమానిక దళంలో ఫొటో విభాగంలో పనిచేసే బిల్ విన్ రెండు ఆస్ట్రేలియన్ పౌండ్లు పెట్టి దాన్ని కొనుక్కుని, స్మోకీ అని పేరు పెట్టుకున్నాడు.

కొన్నాళ్లకు విన్‌కు డెంగీ జ్వరం వచ్చి సైనిక ఆసుపత్రిలో చేరాడు. తోటివాళ్లు చూడటానికి వస్తూ స్మోకీని కూడా తెచ్చారు. నర్సులకు అది తెగ నచ్చింది. బియాక్ దీవి పోరులో గాయపడిన కుర్రాళ్లు పక్క వార్డుల్లో ఉన్నారు, వాళ్లకూ ఒకసారి చూపిస్తామని ఎత్తుకెళ్లారు. ఆ ఆసుపత్రి బాధ్యత చూస్తున్నది డాక్టర్ చార్లెస్ మేయో. పేరున్న మేయో క్లినిక్ కుటుంబం వాడే. రోగులున్న చోట కుక్కేమిటని ఆయన ఒక్క మాట అంటే కథ అక్కడితో ఆగిపోయేది. ఆయన అనలేదు. పగలు నర్సులతో రౌండ్లకు వెళ్లనిచ్చాడు, రాత్రి విన్ మంచం మీదే పడుకోనిచ్చాడు. యుద్ధం తర్వాత కూడా విన్, స్మోకీ కలిసి ఎన్నో ఆసుపత్రులకు వెళ్లారు. రోగులకు ఊరటనిచ్చే మొదటి థెరపీ కుక్క ఇదేనని చాలామంది అంటారు. స్మోకీని ఎంత మెచ్చుకున్నా తక్కువే. నాకు మాత్రం, సరేనన్న ఆ డాక్టరు కూడా అంతే గొప్పవాడనిపిస్తుంది.

అప్పటికి ఈ ఆలోచన మరీ కొత్తదేమీ కాదు. దీర్ఘకాలం మంచాన పడ్డవారికి చిన్న పెంపుడు జంతువు మంచి తోడని ఫ్లోరెన్స్ నైటింగేల్ 19వ శతాబ్దంలోనే రాసింది. కానీ వైద్యులు దాన్ని వైద్యంగా లెక్కపెట్టలేదు. న్యూయార్క్‌లో పిల్లల మానసిక వైద్యం చేసే బోరిస్ లెవిన్సన్ ఆ ముక్క పైకి అన్నాడు. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాణ్ని తల్లిదండ్రులు చెప్పిన సమయం కన్నా ముందే తీసుకొచ్చారు. లెవిన్సన్ కుక్క జింగిల్స్ ఇంకా గదిలోనే ఉంది. అది పరుగున వెళ్లి పిల్లవాణ్ని నాకింది. వాడు భయపడకుండా దాన్ని దగ్గరకు తీసుకున్నాడు, మళ్లీ వచ్చి ఆడుకోవాలన్నాడు. కుక్కతో మొదలైన ఆ చనువు మెల్లగా డాక్టరు దాకా వచ్చింది. 1961లో లెవిన్సన్ ఈ సంగతి మానసిక శాస్త్రవేత్తల సభలో చెబితే కొందరు నవ్వారు. ఆయన వెనక్కి తగ్గలేదు. మరుసటి ఏడాది కుక్కను తన సహ వైద్యుడని పిలుస్తూ వ్యాసమే రాశాడు.

కుక్కలను రోగుల దగ్గరకు తీసుకెళ్లడాన్ని ఒక పద్ధతిలో పెట్టింది ఇలెయిన్ స్మిత్ అనే అమెరికన్ నర్సు. ఇంగ్లండ్‌లో పనిచేసే రోజుల్లో ఒక మతగురువు తన గోల్డెన్ రిట్రీవర్‌తో రోగులను పలకరించడానికి రావడం, దాన్ని చూడగానే వాళ్ల ముఖాలు వెలగడం గమనించింది. స్వదేశం వచ్చాక, 1976లో, న్యూజెర్సీలో థెరపీ డాగ్స్ ఇంటర్నేషనల్ సంస్థ పెట్టింది. మొదటిసారి వెళ్లినవి ఆరు కుక్కలు: ఐదు జర్మన్ షెపర్డ్‌లు, ఒక కోలీ.

అప్పటి నుంచీ అసలు ప్రశ్న ఏ కుక్కను పంపాలన్నది. మనవాళ్లతో ముద్దుగా ఉంటే సరిపోదు. వీల్‌చైర్ పక్కనుంచి పోయినా, చేతికర్ర దబ్బున పడినా అది బెదరకూడదు. వణికే చేయి బొచ్చు పట్టి లాగినా కరవకూడదు. నేల మీద పడ్డ మాత్రను ముట్టకూడదు. టీకాలు పూర్తవ్వాలి, స్నానం చేయించాలి, గోళ్లు కత్తిరించాలి. వృద్ధుల చర్మం పల్చన, చిన్న గీరుకే రక్తం వస్తుంది.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: కుక్కకు ఇష్టముండాలి. దక్షిణాఫ్రికాలో ఓడెండాల్, మైంట్జెస్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మనిషి కుక్కను ప్రేమగా నిమిరినప్పుడు ఆప్యాయతకు సంబంధించిన ఆక్సిటోసిన్ హార్మోన్ ఇద్దరి రక్తంలోనూ పెరిగింది. ఇబ్బంది పడుతున్న కుక్క దగ్గర ఆ ఫలితం ఆశించలేం. అందుకే వెంట వచ్చిన యజమాని రోగితో మాట్లాడుతూనే కుక్కను కనిపెట్టి ఉండాలి. అది పదే పదే పెదవులు నాకినా, నిద్ర రాకుండానే ఆవలించినా, మొహం పక్కకు తిప్పుకున్నా ఇబ్బంది పడుతోందని అర్థం. పక్క మంచం పెద్దాయన ఎంత ఆశగా చూస్తున్నా సరే, ఆ పూటకు దాన్ని బయటికి తీసుకెళ్లాల్సిందే.