1952: ఓటేసిన ఏడాదే ఉద్యమాలు.. స్వతంత్ర భారత్‌కు తొలి పరీక్ష ఎలా జరిగింది?

"అమ్మా.. మీ పేరేంటి?" ఓటర్ల జాబితా రాసుకోవడానికి ఇంటికొచ్చిన సిబ్బంది అడిగిన ప్రశ్న ఇది. ఉత్తరాదిలో చాలాచోట్ల మహిళలు సొంత పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యను, ఫలానా వారి కూతురిని అన్నారంతే! అలా కుదరదని తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ తేల్చేశారు. దాంతో దాదాపు 28 లక్షల మంది మహిళలకు జాబితాలో చోటు దక్కలేదు.

స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఐదేళ్లు కూడా కాలేదు. దేశం మొదటిసారి ప్రజల తీర్పు అడిగిన ఏడాది 1952. ఓటు అడిగినంత మాత్రాన సరిపోదని, మధ్యలో జనం మాట కూడా వినాలని తెలిసొచ్చింది కూడా ఆ ఏడాదే.

పార్టీ గుర్తుకో పెట్టె

1951 అక్టోబర్ 25న హిమాచల్ ప్రదేశ్ కొండల్లో పోలింగ్ మొదలైంది. మంచు పడితే దారులు మూసుకుపోతాయని అక్కడ ముందే పెట్టారు. చాలా రాష్ట్రాల్లో మాత్రం 1952 జనవరిలో ఓటేశారు. ఫిబ్రవరి 21తో ప్రక్రియ పూర్తయింది.

మొత్తం ఓటర్లు 17 కోట్లకు పైనే. అక్షరాస్యత చూస్తే 18 శాతం దగ్గరే ఉంది. మరి చదువు రాని వాళ్లు ఓటేసేదెలా? ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిపై గుర్తు అతికించారు. నచ్చిన పెట్టెలో చీటీ వేస్తే చాలు, ముద్ర కొట్టే పని కూడా లేదు.

లోక్‌సభలో 489 సీట్లకు గాను కాంగ్రెస్ 364 గెలిచింది. ద్విసభ్య నియోజకవర్గమైన నల్గొండలో రావి నారాయణరెడ్డి ఏకంగా ప్రధాని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు.

మద్రాసులో మెజారిటీ రాలేదు

తెలుగు జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడి అసెంబ్లీలో 375 సీట్లుంటే కాంగ్రెస్‌కు దక్కింది 152 మాత్రమే. అయినా ఏప్రిల్‌లో రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన అసెంబ్లీకి పోటీ చేయలేదు, మండలికి నామినేట్ అయ్యారు.

హైదరాబాద్ రాష్ట్రంలో మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా బాధ్యతలు తీసుకున్నారు. ఆరు నెలలు తిరక్కుండానే స్థానికుల ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయంటూ ముల్కీ ఉద్యమం రాజుకుంది. సెప్టెంబర్ మొదటి వారంలో హైదరాబాద్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో పలువురు చనిపోయారు.

58 రోజుల దీక్ష

అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిమాండ్ ఒక్కటే.. ఆంధ్ర రాష్ట్రం. నిజానికి ఇది కొత్త మాటేం కాదు. మద్రాసు నగరాన్ని వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వొచ్చని నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యల కమిటీ 1949లోనే చెప్పింది. కానీ పని ముందుకు కదల్లేదు.

డిసెంబర్ 15 రాత్రి, 58వ రోజు శ్రీరాములు కన్నుమూశారు. ఆంధ్ర జిల్లాలు భగ్గుమన్నాయి. రైళ్లు ఆగిపోయాయి. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. డిసెంబర్ 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నట్టు ప్రకటించారు. అదీ మద్రాసు నగరం లేకుండానే! అంటే మూడేళ్ల కిందట కమిటీ చెప్పిన మాటే. ఆ ప్రకటన వినడానికి శ్రీరాములు లేరు.

ఆ ఏడాది మరికొన్ని ఘట్టాలు

* ఫిబ్రవరి 10: మద్రాసులో ఇంగ్లండ్‌పై ఇన్నింగ్స్ తేడాతో భారత్‌కు తొలి టెస్టు విజయం. వినూ మన్కడ్‌కు 12 వికెట్లు.
* మే 13: తొలి లోక్‌సభ మొదటి సమావేశం.
* అక్టోబర్ 2: గ్రామాల కోసం సమాజ వికాస పథకం ప్రారంభం.

తర్వాత ఏమైంది?

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశం పంతులు తొలి ముఖ్యమంత్రి. మిగతా భాషల వాళ్లూ తమ రాష్ట్రం సంగతేంటని అడగడంతో, అదే ఏడాది డిసెంబర్‌లో కేంద్రం ఫజల్ అలీ కమిషన్ వేసింది. 1956 నవంబర్ 1న దేశం మ్యాపే మారిపోయింది.