విద్యార్థుల గణన ప్రాజెక్టులు – పదార్థాల యాంత్రిక ప్రవర్తన: బర్క్‌లీ కేంద్రంగా ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

బలం ప్రయోగించినప్పుడు ఒక పదార్థం ఎంత సాగుతుంది, ఎక్కడ వంగుతుంది, ఏ స్థితిలో పగులుతుంది అన్న ప్రశ్నల అధ్యయనమే పదార్థాల యాంత్రిక ప్రవర్తన శాస్త్రం. ప్రతిబలం, వికృతి, స్థితిస్థాపకత అన్న పదాలు తెలుగు అకాడమి భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల ద్వారా తెలుగు విద్యార్థులకు పరిచితాలే. లాగిన కడ్డీలోని ప్రతిబలాన్ని కాగితంపై లెక్కించవచ్చు. ఆనకట్ట, విమానపు రెక్క వంటి క్లిష్టాకృతుల విషయంలో అది సాధ్యం కాదు. ఈ లోటును చాలావరకు తీర్చినది పరిమిత మూలక పద్ధతి. ఆంగ్లంలో ఇది ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్‌గా ప్రసిద్ధం. వస్తువును చిన్న చిన్న త్రిభుజాలుగానో చతుర్భుజాలుగానో విభజించి, ఒక్కొక్క మూలకపు దృఢత్వాన్ని పదార్థ గుణకాల నుండి లెక్కగట్టి, వాటినన్నింటినీ ఒకే సమీకరణాల వ్యవస్థగా కూర్చడం ఈ పద్ధతి సారాంశం.

ఈ పద్ధతి చరిత్రను సాధారణంగా ప్రామాణిక పత్రాల క్రమంగా చెబుతారు. రిచర్డ్ కూరెంట్ 1943 నాటి పత్రం, జాన్ ఆర్గిరిస్ 1950ల నాటి వ్యాసాలు, టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ కలిసి 1956లో వెలువరించిన పత్రం అందులో ప్రధాన ఘట్టాలు. సమీకరణాన్ని సంఖ్యగా మార్చిన విద్యార్థుల కృషికి ఆ కథనాల్లో దక్కిన చోటు తక్కువ. ఆ కృషి స్వరూపాన్ని, దానిలో నిలిచినదానిని, నశించినదానిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నలభై సమీకరణాల పరిధి

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో ఆచార్యుడైన రే క్లఫ్ 1952, 1953 వేసవుల్లో బోయింగ్ సంస్థలో పనిచేసి, రెక్కల దృఢత్వ గణనలో పాలుపంచుకున్నారు. ఆయన మార్గదర్శకత్వంలో ఎడ్వర్డ్ విల్సన్ అనే విద్యార్థి 1958లో ఐబీఎం 701 యంత్రంపై సమతల ప్రతిబల గణనకు ప్రోగ్రాం రాయడం ప్రారంభించారు. ఆ యంత్రంపై సుమారు 40 సమీకరణాలను మాత్రమే సాధించగలిగేవారు. సమతలంలో ఒక్కొక్క బిందువుకు రెండు స్థానభ్రంశాలు తెలియని రాశులు కనుక, దృఢత్వ మార్గంలో చూస్తే అది ఇరవై బిందువులకు సరిపోయే పరిధి. పదార్థపు నిరంతరతను ఇరవై బిందువులతో పట్టుకోవడం ఎంత స్థూలమైన అంచనాయో ఊహించవచ్చు.

విల్సన్ నెలల తరబడి శ్రమించి పరిమిత సామర్థ్యం గల ప్రోగ్రాంను సిద్ధం చేసి, ఎం.ఎస్. పరిశోధన నివేదికను సమర్పించారు. ఆ నివేదిక నేడు లభ్యం కాదు. నాలుగు దశాబ్దాల తరువాత క్లఫ్, విల్సన్ కలిసి బర్క్‌లీ తొలినాళ్లను గ్రంథస్థం చేసినప్పుడు దాని శీర్షికను సైతం సుమారుగా మాత్రమే చెప్పగలిగారు. ‘ఫైనైట్ ఎలిమెంట్’ అన్న పేరును రూఢం చేసిన క్లఫ్ 1960 నాటి పత్రం భద్రంగా ఉంది. దానికి ముందరి విద్యార్థి నివేదిక మాత్రం జారిపోయింది.

పగిలిన ఆనకట్ట

1959లో బర్క్‌లీకి ఐబీఎం 704 రావడంతో గణన పరిధి విస్తరించింది. అదే సమయంలో పద్ధతికి నిజమైన పరీక్ష ఎదురైంది. అమెరికాలోని ఆర్కన్సాస్ రాష్ట్రంలో 1940ల్లో నిర్మితమైన నార్ఫోర్క్ కాంక్రీటు ఆనకట్టలో నిలువు పగులు ఉంది. కాంక్రీటు నిపుణుడు రాయ్ కార్ల్‌సన్ సూచనపై ఆ ఆనకట్ట విశ్లేషణ బర్క్‌లీ బృందానికి అందింది. స్వీయభారం, నీటి పీడనం, ఉష్ణోగ్రత మార్పు అన్న మూడింటి ప్రభావాన్ని పగులు సమక్షంలో లెక్కించవలసి వచ్చింది. ఫలితాలను క్లఫ్, విల్సన్ 1962లో లిస్బన్ సదస్సులో సమర్పించారు. విల్సన్ డాక్టరేట్ సిద్ధాంతగ్రంథం 1963లో పూర్తయింది. విద్యార్థి ప్రోగ్రాం వెలువరించిన సంఖ్యలపై ఒక ఆనకట్ట భద్రతకు సంబంధించిన నిర్ణయం ఆధారపడిన సందర్భమిది.

పేరులోని హెచ్చరిక

1970లో విల్సన్ విడుదల చేసిన ప్రోగ్రాం పేరు ‘సాప్’. ఆంగ్ల వాడుకలో ఆ మాటకు తెలివితక్కువవాడు అన్న అర్థం ఉంది. ప్రోగ్రాంకు వివేకం ఉండదనీ, నిర్మాణాన్ని సరిగా నమూనీకరించే బాధ్యత, ఫలితాల బాధ్యత ఇంజనీరువేననీ గుర్తు చేయడానికే ఆ పేరు ఎంచుకున్నట్లు ఆయన వివరించారు. కాంక్రీటును సంపూర్ణ స్థితిస్థాపక పదార్థంగా భావిస్తే యంత్రం ఆ భావన మేరకే లెక్క చేస్తుంది. ఆ భావన తప్పని అది చెప్పదు. పదార్థ ప్రవర్తనను గూర్చిన తీర్పు మనిషిదేనన్న పాఠం ఆ పేరులోనే ఇమిడి ఉంది.

ఇతర విద్యాపీఠాలు – తెలుగువారి పాత్ర

ఈ ధోరణి బర్క్‌లీకే పరిమితం కాలేదు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పెడ్రో మార్సల్ వద్ద పరిశోధించిన డేవిడ్ హిబ్బిట్, వెల్డింగ్ వేడికి లోహంలో జనించే ప్రతిబలాలను లెక్కగట్టారు. 1978లో ఆయన సహవ్యవస్థాపకుడిగా మొదలైన సంస్థ నుండే ‘అబాకస్’ వెలువడింది.

ఈ క్షేత్రంలో తెలుగువారి పాత్ర గణనీయం. గుడివాడలో జన్మించిన సత్య అట్లూరి 1969లో ఎం.ఐ.టి. నుండి డాక్టరేట్ పొంది, పగుళ్ల గణనలో కృషి చేశారు. 2013లో పద్మభూషణ్ అందుకున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివిన జె.ఎన్. రెడ్డి 1984లో వెలువరించిన పరిమిత మూలక పద్ధతి పాఠ్యగ్రంథం ఎన్నో దేశాల తరగతి గదులకు చేరింది. సిద్ధాంతంతో పాటు ఫోర్ట్రాన్ ప్రోగ్రాంలను కూడా ఆ గ్రంథం అందించడం గమనార్హం. ఒక తరంలో పరిశోధనగా ఉన్నది మరుసటి తరానికి అభ్యాసపాఠమైంది.

ముగింపు

సాహిత్య పరిశోధకులకు ఈ చరిత్రలో పరిచితమైన సమస్య ఒకటి కనిపిస్తుంది. సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించడం వల్ల ఎన్నో కావ్యాల పాఠాంతరాలు దక్కాయి. ప్రోగ్రాంకు కూడా పాఠాంతరాలు ఉంటాయి. తొలి ‘సాప్’కూ, 1970ల తొలిభాగంలో బాతే, విల్సన్, పీటర్సన్ రూపొందించిన ‘సాప్ నాలుగు’కూ మధ్య మారినది ఏమిటో తెలియాలంటే రెండు ప్రతులూ ఉండాలి. ప్రచురిత పత్రం ఫలితాన్నే చెబుతుంది. ఏ గుణకాన్ని గ్రహించారు, ఏ సరళీకరణను అంగీకరించారు, ఎక్కడ తడబడ్డారు అన్నవి ప్రోగ్రాంలోనూ, దానికిచ్చిన దత్తాంశంలోనూ ఉంటాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు సిద్ధాంతగ్రంథాన్ని స్వీకరించినట్లే ఆ రెండింటినీ స్వీకరించే విధానం ఏర్పడవలసి ఉంది. బర్క్‌లీలో పోయిన ఆ నివేదిక ఇక దొరక్కపోవచ్చు. నేటి విద్యార్థి ప్రాజెక్టులను కాపాడుకోవడం మాత్రం ఇప్పటికీ విశ్వవిద్యాలయాల చేతిలోనే ఉంది.