వెక్సాస్ వ్యాధి

ఏబది యేండ్లు దాటిన పురుషులలో హెచ్చుగా కానవచ్చు అరుదైన స్వయంశోథ వ్యాధి. కీళ్లవాపు, తిరుగబెట్టు జ్వరము, చెవి ముక్కుల మృదులాస్థులు కంది నొప్పిపెట్టుట, బాధతో కూడిన దద్దులు, సిరలలో రక్తము గడ్డకట్టుట, రక్తహీనత దీని ప్రధాన లక్షణములు.

వ్యాధికి పేరు వచ్చినది 2020లో. బాధ మాత్రము పూర్వమునుండి ఉన్నదే. మృదులాస్థి శోథమును 1923లో ప్రేగు నగరమున యాక్ష్-వార్టెన్‌హోర్స్ట్, జ్వరముతో కూడిన దద్దులను 1964లో ఇంగ్లాండున రాబర్ట్ స్వీట్ వేర్వేరు వ్యాధులుగ వర్ణించియుండిరి. అందుచేత ఒకే రోగి కీళ్లవైద్యుని కడ కీళ్లవాతరోగిగను, చర్మవైద్యుని కడ స్వీట్ వ్యాధిగ్రస్తుడుగను, రక్తవైద్యుని కడ మజ్జాదోషము గలవాడుగను లెక్కకు వచ్చుచు, ఆ చీటీలన్నియు ఒకచోట చేరక, స్టెరాయిడు మాత్రలతో కాలము పుచ్చుచుండెను. 1999లో డేనియల్ కాస్ట్‌నర్ బృందము స్వయంశోథ వ్యాధులను ప్రత్యేక వర్గముగ ప్రతిపాదించినను, అప్పటికి తెలిసినవి మిక్కిలిగా బాల్యమున పొడసూపు వంశపారంపర్య జ్వరములే గనుక, వృద్ధుని కీళ్లవాపునకు జన్యువులో కారణము వెదకవలెనన్న తలంపు వైద్యులకు సులభముగా తట్టలేదు.

అమెరికాలోని బెథెస్డాయందలి జాతీయ ఆరోగ్య సంస్థలలో డేవిడ్ బెక్, కాస్ట్‌నర్, పీటర్ గ్రేసన్ మున్నగువారు, లక్షణములనుండి జన్యువునకు పోవు పరిపాటిని తలక్రిందు చేసి, రోగనిర్ణయము కుదరని 2,560 మంది జన్యువులను ముందుగ పరిశీలించి, ముగ్గురు పురుషులలో యూబీఏ1 జన్యువున 41వ మిథియోనిన్ స్థానమునందే మార్పును కనుగొనిరి. పిదప ఆ సంఖ్య 25కు పెరిగెను. ఈ మార్పు తల్లిదండ్రులు ఇచ్చినది కాక, వయస్సు మీరిన పిమ్మట మజ్జలోని మూలకణములలో పుట్టునట్టిది. జన్యువు ఎక్స్ క్రోమోజోముపై నుండుటచే ఒక్క ప్రతియే గల పురుషులు దీనికి ఎక్కువగా గురియగుదురు. చెడిన ప్రోటీనులను తొలగించుటకై వానికి యుబిక్విటిన్ గుర్తు తగిలించు పనిని ఆరంభించు ఎంజైము ఈ జన్యువువలననే తయారగును. అది కుంటుపడగా తెల్లకణములు రెచ్చి శోథమును కల్పించును.

తొలి ఆధారము సామాన్య రక్తపరీక్షలోనే దొరకును; దానిని చదువు ఓపికయే అరుదు. బి12, ఫోలేటు లోపములు లేకున్నను ఎఱ్ఱకణముల సగటు పరిమాణము 100 ఫెమ్టోలీటర్లు మించియుండి, స్టెరాయిడు తగ్గించినంతనే కీళ్లు మరల వాచుచున్నచో అనుమానింపవలెను. మజ్జను గాజుపలకపై పూసి రంగు పట్టించి చూచినచో లేతకణములలో గుండ్రని ఖాళీలు కనబడును. రాగి లోపము, మద్యపానము కూడ ఇట్టివానినే కలిగించును గాన జన్యుపరీక్షయే నిర్ణాయకము.

2023లో ప్రకటితమైన పెన్సిల్వేనియా పరిశీలనలో, ఏబది యేండ్లు దాటిన పురుషులలో 4,269 మందికి ఒకరియందు ఈ వ్యాధి ఉండవచ్చునని తేలెను. స్టెరాయిడులు, రుక్సోలిటినిబ్, అజాసిటిడిన్ ఉపశమనమునకు వాడుదురు. సమూలముగ నయము చేయగలది మజ్జ మార్పిడి యొక్కటే. ముదిమిలో దానిని తట్టుకొనగలవారు కొలదిమందియే.