యంత్రములో యంత్రము

గత శ్రావణమాసమున మేము అరకులోయలో ఒక మిత్రుని యింట మూడు దినములుంటిమి. ఆయన పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు. అనంతగిరి మీదుగా వచ్చిన మబ్బు ఆ మూడు దినములును పెరటిలోనే కూర్చుండెను. సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్న ఆ లోయలో వానకాలమున గుడ్డ లారవు, అగ్గిపుల్ల వెలుగదు, చెప్పులకు సయితము బూజు పట్టును. ఆ బూజే యీ ప్రసంగమునకు కారణమైనది.

విశాఖపట్నమున చదువుచున్న మాస్టారి కుమార్తె అటకమీది రేకుపెట్టెను దింపి తెరచెను. అందు ఏడు ఫ్లాపీలున్నవి. మూడున్నర అంగుళముల ప్లాస్టిక్ డొల్లలు. ఒక్కొక్కదాని కడుపులో అయస్కాంతపు పూత గల పలుచని బిళ్ళ. 1990వ దశకమున మాస్టారు విశాఖకు శిక్షణకై పోయినపుడు తెచ్చుకొనిన కంప్యూటరు ఆటలవి. ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ యొకటి, ‘డేంజరస్ డేవ్’ ఒకటి. లోహపు రెక్కను ప్రక్కకు జరిపి చూడగా బిళ్ళలపై తెల్లని చుక్కలు కనబడెను.

“పారెయ్యకు నాన్నా, నేను చూస్తాను” అని ఆమె అనెను.

మాస్టారు నవ్వి అరుగును చూపిరి. అచట బొగ్గుతో గీసిన పులిజూదపు పటము కలదు. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువదిమూడు కూడళ్ళు. “దీన్ని బూజేం చేస్తుందమ్మా?” అనిరి.

ఆ మాటలో సగము నిజము కలదు. పులిజూదమును ఏ రాతిమీదనైనను గీయవచ్చును. చింతగింజలు మేక లగును, గులకరాళ్ళు పులు లగును. నియమములు మనుష్యుల నోట నున్నంతకాలము ఆటయు నుండును. కంప్యూటరు ఆట యట్లు కాదు. అది ఒక్క యంత్రమునకే వ్రాయబడినది. ఆ ప్రాసెసరు ఆజ్ఞలు, ఆ తెర, ఆ ధ్వనిపరికరము లేనిచో మూగబోవును. బిళ్ళ చెక్కుచెదరక యున్నను నేటి 64 బిట్ల విండోస్ ఆనాటి 16 బిట్ల ప్రోగ్రామును నడుపనొల్లదు.

దీనికి ఉపాయమేమనగా, పాత యంత్రమును కూడ పులిజూదమువలె నియమములుగా వ్రాసికొనుట. ఒక యంత్రపు నడవడిని వ్రాసియిచ్చినచో దానివలె నడచుకొనగల సార్వత్రిక యంత్రము సాధ్యమని అలన్ ట్యూరింగ్ 1936లోనే గణితముచే చూపెను. దానిని అంగడికి దెచ్చినది మాత్రము వర్తకపు టవసరము. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.యం. సంస్థ సిస్టమ్/360 యంత్రములను ప్రకటించెను. అప్పటికే దాని 1401 యంత్రముపై జీతముల లెక్కలు, సరకుల లెక్కలు వ్రాసికొనిన ఖాతాదారు లనేకులు. పాత లెక్కలన్నియు పారవేసి క్రొత్తది కొనుడన్నచో కొనువారెవరు? కావున క్రొత్త యంత్రములలో కొన్నిటికి 1401వలె నటించు నేర్పును కూడ జేర్చిరి. ఈ నటనకే ‘ఎమ్యులేషన్’ అని పేరు. జమాఖర్చులకై పుట్టిన విద్య పిల్లల ఆటలను కాపాడవచ్చుట మాకు ముచ్చటగా తోచినది.

రేడియో గల యిండ్లవారికి ప్రత్యేకముగా చెప్పవలసిన కథ యొకటి గలదు. 1980వ దశకమున గృహ కంప్యూటర్లకు చవుకైన నిలువసాధనము సాధారణ క్యాసెట్టు. ప్రోగ్రామును కీచుమను ధ్వనిగా మార్చి టేపుపై నుంచెడివారు. ధ్వనియే యైనపుడు ప్రసారము చేయరాదా యని హాలెండు రేడియోవారికి తోచెను. ‘హాబీస్కూప్’ అను కార్యక్రమమున వారా కీచుధ్వనిని వినిపింపగా శ్రోతలు టేపు చేసికొని తమ కంప్యూటర్లకు వినిపించెడివారు. మన యిండ్లలో నైనచో స్టేషను జారినదనుకొని ముల్లు త్రిప్పియుందుము! అయితే ఒక్కొక్కరి యంత్ర మొక్కొక్క తీరు. అందుచే ‘బేసికోడ్’ అను ఉమ్మడి భాషను ఏర్పరచి, ఏ యంత్రమునకు తగిన దుబాసీ ప్రోగ్రామును ఆ యంత్రమున కిచ్చిరి.

ఆటల విషయమున, 1997లో ఇటలీ దేశస్థుడు నికోలా సాల్మోరియా ‘మేమ్’ అను ప్రోగ్రామును వెలువరించి, నాణెము వేసి యాడు అంగడి యంత్రములను కంప్యూటరులో బ్రదికించెను. 2002లో హాలెండు వారిరువురు, పీటర్ వీన్‌స్ట్రా, స్యోర్డ్ వాన్ డెర్ బెర్గ్, ‘డాస్‌బాక్స్’ను వెలువరించిరి. పాత ఆట యిచ్చు ప్రతి యాజ్ఞను ఇది చదివి, పాత ప్రాసెసరు ఏమి చేసియుండెడిదో అదియే చేయును. పాత యంత్రపు మందగతిని సయితము తెచ్చిపెట్టుకొనవలెను. ఆనాటి ఆటలలో కొన్ని కాలమును గడియారముతో గాక ప్రాసెసరు వేగముతో కొలిచెడివి. వానిని పగ్గము లేక వదలినచో వీరుడు అడుగు వేయకముందే ఆట ముగియును.

మన సంగతి యేమి? 1984లో కేంద్రప్రభుత్వము ‘క్లాస్’ పథకము క్రింద పాఠశాలలలో ప్రవేశపెట్టినది బి.బి.సి. మైక్రో కంప్యూటరు. ఒక ప్రసారసంస్థ పేరు మోసిన కంప్యూటరది. 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గలది. నేడది ఏ పీసీలోనైనను నకలుగా నడచును. అంతకు పూర్వము, 1967లో హైదరాబాదున స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12ను తయారుచేసెను. 1969లో పని నారంభించిన ఆ పండ్రెండు బిట్ల యంత్రము మన చేతిపని. 1993లో బాబ్ సప్నిక్ ఆరంభించిన ‘సిమ్‌హెచ్’ అను ప్రోగ్రాము పాత యంత్రములను పదులకొలది నడపును. అమెరికావారి పండ్రెండు బిట్ల పి.డి.పి.-8 అందు కలదు. మన టి.డి.సి. లేదు. ఒక యంత్రమును నకలు చేయుటకు దాని ఆజ్ఞల పట్టికయు, పటములును, దానిని నడపినవారి జ్ఞాపకములును కావలెను. పరదేశపు బొమ్మలాట మన యింట బ్రదికియుండగా హైదరాబాదు యంత్రము వస్తుప్రదర్శనశాలకు మాత్రము తగినదగుట మాకు కష్టముగా నున్నది.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా కథలోను పెట్టె యొకటి కలదు. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముని పరుగులను చిత్రించి, వానిని చూచి రాకుమారుని నడకను గీసెను. 1989లో వెలువడిన ఆ ఆట మూలప్రతి చిరకాలము కనబడలేదు. 2012లో ఆయన తండ్రి ఫ్లాపీల పెట్టెను కనుగొనెను. నిపుణులు వానిని చదివి నకళ్ళు తీసిరి.

అరకులోయ పెట్టెకు నిపుణులు రాలేదు. ఆ పిల్లయే డొల్లలు విప్పి, బిళ్ళలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, నీడన ఆరబెట్టి, క్రొత్త డొల్లలలో నుంచెను. బూజుతోనే చదువబోయినచో బిళ్ళ గీరుకొనిపోవును, డ్రైవుయు చెడును. ఏడింటిలో మూడు పలికెను. ఒక్కొక్కదానికి 14,74,560 బైట్ల నకలు దిగెను. డేవ్ దక్కలేదు. రాకుమారుడు దక్కెను.

మూడవ దినము సాయంకాలము, వాన జోరుగా కురియుచుండగా, మాస్టారు కళ్ళజోడు సవరించుకొని కూర్చుండిరి. రాకుమారుడు పరుగెత్తెను, ఎగిరెను, మొదటి ముళ్ళగోతిలోనే పడెను. “పాతికేళ్ళ కిందట కూడా ఇక్కడే పడేవాణ్ణి” అని మాస్టారు మరల మొదలుపెట్టిరి.