అన్న కోసం దాచిన పేపర్లు

వారానికి వంద నారింజ పళ్లు. తమ్ముడు తెచ్చి అన్నకు పెట్టేవాడు. తొక్క ఒలిచి, గింజలు తీసి, ఒక్కొక్క తొనే చేతికి అందించి ఉంటాడని నేను అనుకుంటాను. అన్నకు కళ్లు కనిపించవు మరి. నారింజలు, నల్ల రొట్టె, వేరుశనగ వెన్న పెడుతూ కళ్లకు విశ్రాంతినిస్తే చూపు తిరిగొస్తుందని తమ్ముడి నమ్మకం. డాక్టర్ని పిలవలేదు. తాము డాక్టరు కొడుకులు, ఇంటినిండా వైద్యం పుస్తకాలే, ఇంక బయటివాళ్లెందుకు అన్నాడు.

ఆ నమ్మకంతోనే ఇంకో పని కూడా చేశాడు. దినపత్రికలు దాచాడు. చూపు వచ్చిన రోజున అన్న కూర్చుని, తాను చూడని రోజుల్లో లోకంలో ఏమేం జరిగిందో చదువుకోవాలి కదా! అలా ఏళ్ల తరబడి దాచాడు. కట్టలు కట్టి పేర్చాడు. అవి గోడలయ్యాయి, గోడలు పైకప్పును అంటాయి. ఈ కథ విన్నవాళ్లంతా చెత్త గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ పేపర్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది.

వాళ్లు కాలియర్ అన్నదమ్ములు. పెద్దవాడు హోమర్, 1881లో పుట్టాడు. నాలుగేళ్ల చిన్నవాడు లాంగ్లీ. ఊరు న్యూయార్క్. తండ్రి హెర్మన్ స్త్రీల వైద్యంలో పేరున్న డాక్టరు. తల్లి సూసీ సంగీతం తెలిసిన మనిషి. పిల్లలిద్దరూ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారంటారు. హోమర్ ఓడల వ్యాజ్యాలు చూసే లాయరయ్యాడు. లాంగ్లీ ఇంజనీరింగూ కెమిస్ట్రీ చదివాడంటారు గానీ, ప్రాణమంతా పియానో మీదే. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. 1909లో కుటుంబం హార్లెంలో, ఫిఫ్త్ అవెన్యూ 128వ వీధి మూల మీద, 2078 నంబరు ఇంట్లో చేరింది. గోధుమరంగు రాతితో కట్టిన అంతస్తుల ఇల్లు. అప్పట్లో అది కలిగినవాళ్ల పేట.

పదేళ్లకు తండ్రి ఆ ఇల్లు విడిచి వేరే ఉండసాగాడు. 1923లో కాలం చేశాడు. ఆయన పుస్తకాలు, వైద్య పరికరాలు, సీసాల్లో మందునీళ్లలో నిలవుంచిన శరీర భాగాలతో సహా ఇల్లు చేరాయి. 1929లో తల్లి పోయింది. ఆమె పెట్టెలు పెట్టెలుగానే ఉండిపోయాయి. కుట్టించని పట్టు తానులు తానులుగానే ఉండిపోయాయి. మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, సామాను మాత్రం వచ్చి చేరుతోంది. పారేయాలంటే ముందు, ఆ మనిషి ఇక రాడని చేతులతో ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో ఎవరి చేతులూ అందుకు లేవలేదు.

బయట పేట మారింది. దక్షిణాది నుంచి నల్లజాతి కుటుంబాలు వచ్చి హార్లెంలో స్థిరపడ్డాయి, తెల్లవాళ్లు ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. అన్నదమ్ములు మిగిలిపోయారు. చుట్టూ ఉన్న కొత్త ముఖాలను చూసి భయపడ్డారు. కిటికీలకు చెక్కలు కొట్టించారు, తలుపులు బిగించారు. కుర్రాళ్లు దయ్యాల కొంపని రాళ్లు వేసేవాళ్లు, అద్దాలు పగిలేవి, ఇంకొన్ని చెక్కలు పడేవి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇక్కడే ఉంది. 1920లలో హార్లెం అంటే పాటల పేట. జేమ్స్ పి. జాన్సన్, ఫ్యాట్స్ వాలర్ లాంటివాళ్లు ఆ వీధుల్లోని ఇళ్లలో తెల్లవార్లూ పియానో వాయించిన కాలం అది. పద్నాలుగు వీధుల అవతల, కాటన్ క్లబ్బులో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వాయించేది. పియానో అంటే ప్రాణమిచ్చే లాంగ్లీ అంత సంగీతం పుట్టిన పేటలోనే కిటికీలు మూసుకుని కూర్చున్నాడు. ఒక్క రాత్రి తలుపు తీసి ఆ ఇళ్లలో ఒకదాని మెట్లెక్కి ఉంటే అతని బతుకు మరోలా ఉండేదేమో అనిపిస్తుంది. భయం కూడా పాత సామాను లాంటిదే, ఒకసారి చోటిస్తే గది మొత్తం ఆక్రమిస్తుంది.

టెలిఫోన్ 1917లోనే పోయింది. 1928లో గ్యాస్ ఆగిపోయింది. కరెంటూ నీళ్లూ లేవు. వంట కిరసనాయిలు పొయ్యి మీద. పాత ఫోర్డ్ కారు భాగాలు ఇంట్లోకి చేర్చి, ఆ ఇంజనుతో కరెంటు పుట్టించాలని లాంగ్లీ తంటాలు పడ్డాడు. నాలుగు వీధుల అవతల పార్కులో ఉన్న పంపు దగ్గర నీళ్లు పట్టుకొచ్చేవాడు.

1933లో హోమర్‌కు చూపు పోయింది. లాంగ్లీ ఇక అన్నకే అంకితమయ్యాడు. స్నానం చేయించడం, తినిపించడం, పుస్తకాలు చదివి వినిపించడం, పియానో వాయించడం, అన్నీ తనే. కొన్నేళ్లకు హోమర్‌ను కీళ్లవాతం పట్టేసింది, కాళ్లూ చేతులూ లేవలేదు. లాంగ్లీ పగలు బయటికొచ్చేవాడు కాదు. అర్ధరాత్రి దాటాక పాత కోటు తొడుక్కుని, మైళ్ల కొద్దీ నడిచి, రొట్టె కోసం బ్రూక్లిన్ దాకా కూడా వెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు వీధిలో ఎవరో పారేసినవి కొన్ని వెంట వచ్చేవి.

ఆ ఇంట్లో బోలెడు డబ్బుందని పుకారు పుట్టింది. పత్రికల్లో పడ్డాక దొంగలూ, వేడుక చూసేవాళ్లూ ఎక్కువయ్యారు. లాంగ్లీ చదివిన ఇంజనీరింగ్ అప్పుడు పనికొచ్చింది. సామాను గుట్టల మధ్య పాకుతూ పోయే సొరంగాలు చేశాడు. వాటిలో ఉచ్చులు పన్నాడు. తీగ తగిలితే పైనుంచి బరువంతా మీద పడుతుంది. దారి తనొక్కడికే తెలుసు. 1942లో అప్పు కట్టలేదని బ్యాంకు ఇల్లు ఖాళీ చేయించబోయింది. పోలీసులు తలుపు పగలగొడితే ఎదురుగా సామాను గోడ. ఎలాగో లాంగ్లీ ఉన్నచోటికి చేరితే, ఆయన 6,700 డాలర్లకు చెక్కు రాసిచ్చి, ఇక వెళ్లండన్నాడు. బాకీ మొత్తం ఒక్క చెక్కుతో తీరిపోయింది. డబ్బు లేక కాదు వాళ్లు అలా బతికింది.

దాచుకోవడం అంటే నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది. ఆమె ఇంట్లో దూలానికి ఒక ఇనుప తీగ వేలాడేది. వచ్చిన ఉత్తరాలన్నీ దానికి గుచ్చేవాళ్లు. పసుపు రాసిన శుభలేఖలు, పురుళ్ల కబుర్లు, పంటల సంగతులు, అన్నీ ఏళ్ల తరబడి ఆ తీగకే. చావు కబురు తెచ్చిన కార్డు మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. బయటే చదివి, అక్కడికక్కడే చించేసి, తలస్నానం చేసి లోపలికి రావాలి. చిన్నప్పుడు నాకది కఠినంగా తోచేది. అమ్మమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టె తెరిచాం. అడుగున చీర మడతలో ఒక పోస్టుకార్డు. నాలుగు ముక్కలుగా చించినది. వెనక మరో కాగితం పెట్టి, అన్నం మెతుకులు మెదిపి అతికించింది. మెతుకులు ఎండి గరుగ్గా వేళ్లకు తగిలాయి. ‘మీ అన్నయ్య’ అన్న మాట మధ్యలోంచి చిరిగింది. ‘అన్న’ ఒక ముక్క మీద, ‘య్య’ ఇంకో ముక్క మీద. అందరి ముందూ చించి, ఎవరూ చూడనప్పుడు ఏరుకొచ్చుకున్నట్టుంది. లాంగ్లీ కథ చదివినప్పుడల్లా నాకా కార్డు గుర్తొస్తుంది. అమ్మమ్మకు చించమని చెప్పడానికి ఇంటినిండా మనుషులున్నారు, దాచుకోవడానికి ఒక చీర మడత సరిపోయింది. లాంగ్లీకి ‘చాలు నాయనా’ అనేవాళ్లు ఒక్కరు లేరు.

1947 మార్చి 21న ఎవరో పోలీసులకు ఫోన్ చేసి, ఆ ఇంట్లో శవం ఉందన్నారు. ముందు తలుపులోంచి పోవడానికి దారి లేదు. చివరికి ఒక పోలీసు పై అంతస్తు కిటికీలోంచి దూరాడు. గుట్టల మధ్య హోమర్ కనిపించాడు. ఒంటిమీద పాత అంగీ, తల మోకాళ్ల మీద వాలి ఉంది. ప్రాణం పోయి పది గంటలైందన్నారు. తిండి లేక, గుండె జబ్బు తోడై పోయాడు.

లాంగ్లీ ఏమయ్యాడు? ఇదే ఊరంతటి ప్రశ్న. అట్లాంటిక్ సిటీకి పోయే బస్సులో చూశామన్నారు కొందరు. రాష్ట్రాలు దాటి వెతికారు. అన్న అంత్యక్రియలకైనా వస్తాడనుకున్నారు, రాలేదు. ఈలోపు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. వీధిలో జనం గుమిగూడి చూస్తున్నారు. పద్నాలుగు పియానోలు వచ్చాయి. ఫోర్డ్ కారు చట్రం, గుర్రపుబండి టాపు, ఎక్స్‌రే యంత్రం, తుపాకులు, వయొలిన్లు, గడియారాలు, పసిపిల్లల తోపుడుబళ్లు, వేల పుస్తకాలు, తల్లి పెట్టెలు. తోపుడుబండి బయటికొచ్చినప్పుడు జనం ఏమనుకున్నారో నాకు తెలియదు. వాళ్లిద్దరూ కూడా ఒకప్పుడు ఎవరో తోస్తే నవ్విన పిల్లలే. ఆ తర్వాత పేపర్లు, మళ్లీ పేపర్లు. మొత్తం వంద టన్నుల పైచిలుకు.

ఏప్రిల్ 8న ఒక పనివాడికి లాంగ్లీ దొరికాడు. హోమర్ ఉన్నచోటికి పది అడుగుల దూరంలో. అన్నకు తిండి పట్టుకుని సొరంగంలో పాకుతూ, తను పన్నిన ఉచ్చులో తనే పడ్డాడు. పేపర్ల కట్టలూ బరువులూ మీద కూలాయి. అది మార్చి 9 ప్రాంతంలో అని లెక్కకట్టారు.

సామానులో అమ్మకానికి పనికొచ్చినవాటికి వేలంలో రెండు వేల డాలర్లు కూడా రాలేదు. ఆ జూలైలో ఇల్లు పడగొట్టేశారు. ఇప్పుడా మూల మీద కొన్ని చెట్లూ బెంచీలూ ఉన్న చిన్న పార్కుంది, వాళ్ల పేరుతోనే. అమెరికాలో ఇప్పటికీ సామానుతో కిక్కిరిసిన ఇంటికి నిప్పంటుకుంటే ఫైర్ సిబ్బంది ఆ ఇంటిని ‘కాలియర్ మాన్షన్’ అంటారు. అన్నదమ్ములిద్దరినీ తల్లిదండ్రుల పక్కనే, సైప్రెస్ హిల్స్ శ్మశానంలో పూడ్చారు. పేరు చెక్కిన రాయి లేదు.

నా మనసు మాత్రం ఆ పన్నెండు రోజుల దగ్గరే ఆగిపోతుంది. మార్చి 9 నుంచి 21 దాకా. కట్టలు కూలిన చప్పుడు హోమర్ విని ఉంటాడు. పేరు పెట్టి పిలిచి ఉంటాడు. లేవలేడు, చూడలేడు. పది అడుగుల అవతల తమ్ముడు, తమ్ముడి మీద తన కోసం దాచిన పేపర్లు. పాకుతూ వస్తున్న ఆ చప్పుడు మళ్లీ వినిపిస్తుందేమోనని అక్కడే కూర్చుని ఉన్నాడు.