కొయ్యలో నిలిచిన యక్షరము

అక్షరమనగా నశింపనిదని మనవారి వ్యుత్పత్తి. కాని తాటాకును పురుగు తినును, కాగితము చివుకును. అరబ్బు లిపిని కొయ్యలోనికి దించి, దానికి దీర్ఘాయువు గల్పించిన పూర్వశిల్పుల చరిత్రము మన మెరుగదగినది.

ఈజిప్టులో పెద్ద కలప అరుదు. అట్టి నేలమీద, నేటి కైరోనగరమున, అహమ్మదు ఇబ్ను తూలూను 876-879 సంవత్సరముల నడుమ నొక మసీదు కట్టించెను. గోడలు, స్తంభములు ఇటుకవి. పైకప్పునకు దిగువగా మేడిజాతి చెట్టు చెక్కలపై ఖురాను వాక్యములు బారులు తీరియున్నవి. ఆ బారు పొడవు సుమారు 2 కిలోమీటర్లు. గ్రంథమంతయు నచట గలదని జనశ్రుతి గాని, యున్నది స్వల్పభాగమే. లిపి కూఫీ. నిలువుగీతలు, అడ్డుగీతలు, కోణములు దాని లక్షణము; గుండ్రని వంపుకంటె తిన్నని గీత ఉలికి సులభముగ లొంగును గదా!

ట్యునీషియాలోని కైరువాను మసీదునందు తొమ్మిదవ శతాబ్దపు టేకు ప్రసంగవేదిక కలదు. నేటికి నిలిచియున్న యట్టి వేదికలలో నిదియే ప్రాచీనతమము. లతలును, జ్యామితిరూపములును చెక్కిన పలకలు 300 కు పైగా కూర్చి దానిని చేసిరి. టేకు ఆఫ్రికాచెట్టు కాదు; భారత, బర్మా ప్రాంతముల యడవులది. సముద్రములు దాటి వచ్చిన యీ మ్రానును అరబ్బులు ‘సాజ్’ అందురు. సంస్కృతపు ‘శాక’ శబ్దమే యిట్లు మారినదని భాషావేత్తల మతము. సరకుతోపాటు మాటయు ప్రయాణము చేసినదన్నమాట.

ఆ వేదిక ప్రక్కనే పదునొకండవ శతాబ్దమున అల్ ముయిజ్ అను ప్రభువు కొయ్యతెర నొకటి నిలిపించెను. ప్రభువు ప్రజలనుండి వేరై, ప్రాణభయము లేక ప్రార్థించుటకు అట్టి తెరలు వెలసినవి. దానిమీదను సొంపైన కూఫీ లిపియే కలదు. కైరోలో సర్వజనుల తలలపై సాగిన యక్షరము, కైరువానులో నొక్కనికి ప్రాకారమైనది. దోషము ఉలిది కాదు. దానిచే బని చేయించిన బుద్ధిది.

మన యిండ్లలోను పుస్తకములకు పసుపుకుంకుమ లుంచి, ఆ యింటి ఆడపిల్లకు మాత్రము అక్షరము నేర్పని కాలము గడచినది. అదియు నొక తెరయే. అక్షరమును చెక్కుట శిల్పము, పూజించుట భక్తి. అందరిచే చదివించుటయే ధర్మము. అట్లు చదివింపబడిన నాడే యది పేరునకు దగినట్లు నశింపనిదగును.